ఐదో మాట

కాగితం చూసి ఐదు మాటలు చదివాను.
తిరిగి చెప్పమన్నాను.

బొల్లారం గ్రౌండులో గడ్డి సగమే ఉంటుంది,
మిగతాది ఎర్రమట్టి, సీసా పెంకులు,
పొద్దున్నే నడకకొచ్చే రిటైర్డు సుబేదార్ల దగ్గులు.
ఆ మట్టి సగంలోనే పడింది జమున.
ఎదుటి పిల్ల మోకాలు, జమున కణత.
చప్పుడు పెద్దదేం కాదు.
కొనేముందు కుండను వేలితో కొట్టి చూస్తారే,
అంత.

లేచింది. నవ్వింది. నిక్కరు దులుపుకుంది.
"ఏం గాలే సర్, ఆడనియ్యున్రి."

బానోత్ జమున, పదిహేడేళ్లు,
మౌలాలి గూడ్సు షెడ్డులో తండ్రి సిమెంటు బస్తాలు మోస్తాడు.
ట్యాకిల్ నేర్పింది నేను కాదట,
తమ్ముణ్ణి వీధికుక్కల మధ్యనుంచి గుంజుకొస్తూ నేర్చుకుందట.
ఆదివారం రాష్ట్ర జట్టు ఎంపిక.
కొత్త బూట్లకి అప్పు చేశారు, ఆ సంగతి నాకు తెలుసు,
నాకు తెలుసని ఆమెకీ తెలుసు.

తాళం, అంది.
అంజూరం, అంది. వంతెన. గుర్రం.
తర్వాత నా చేతివైపు చూసింది.
కాగితం మడిచేశాను.
"ఇంకోటున్నది సర్. నాలిక మీదనే ఉన్నది."

కెప్టెన్ యాస్మీన్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.
"ఒక్క మాటకే కూసోబెడ్తరా?"

మా రోజుల్లో ఐదు మాటలెక్కడివి.
డాక్టరు వేళ్లు చూపించి ఎన్ని అనేవాడు.
ఎప్పుడూ రెండే చూపించేవాడు,
చూడకుండానే రెండు అనేవాళ్లం.
ఏతిరాజ్ ఒక్కడే ఓసారి నాలుగన్నాడు.
అందరం పడీపడీ నవ్వాం,
మొహాన నీళ్లు కొట్టి లోపలికి తోశాం.
తోసిన చేతుల్లో ఇవీ ఉన్నాయి.

ఏతిరాజ్ ఇప్పుడు తిరుమలగిరిలో
తమ్ముడి టైర్ల షాపులో, ట్యూబులైటు ఆర్పేసుకుని కూర్చుంటాడు.
వెళ్తే చాయ్ చెప్తాడు.
అది వచ్చేలోగా మళ్లీ చెప్తాడు.
రెండు గ్లాసులూ నేనే తాగి వస్తాను.

చెయ్యి విరిగితే కట్టు కడతారు,
కట్టు మీద దోస్తులు పేర్లు రాస్తారు,
బస్సులో లేచి సీటిస్తారు.
దీనికి ఏం కట్టను?

కూర్చోబెట్టాను.
బూట్లు విప్పి విసిరింది, ఒకటి నా కాలికి తగిలింది.
తల నొప్పెడుతోందని ఒక్క ముక్క అనలేదు.
ఎండ వచ్చినకొద్దీ
సిమెంటు అరుగు మీద నీడవైపు జరుగుతూ పోయింది,
చివరికి అరుగు అయిపోయింది.

గాంధీ ఆసుపత్రిలో వాళ్ల నాన్న స్కాన్ ఫిల్మును
కిటికీకి ఎత్తి పట్టాడు, నోటు దొంగదేమో చూసినట్టు.
"అంత మంచిగనే ఉన్నది కద సర్?"
మంచిగనే ఉంది, మూడు వారాలు ఆడదు, అన్నాను.
ఆ రెండు మాటలూ ఒక నోట్లోంచి ఎలా వస్తాయో
ఆయనకి అంతుపట్టలేదు.
నాకు మాత్రం పూర్తిగా పట్టిందా.

ఆదివారం తొమ్మిదో నంబరు చొక్కా
కుత్బుల్లాపూర్ పిల్లకి దక్కింది. బాగానే ఆడింది.
నేను చప్పట్లు కొట్టాను.

నాలుగో రోజు రాత్రి, పదకొండు దాటాక ఫోను.
"సర్! ఉప్పు! ఐదోది ఉప్పు!
ఇగ రేపట్నుంచి రావచ్చా?"

లైటు వేశాను.
ఆ రోజు వేసుకున్న ప్యాంటు వెతికాను.
జేబులో కాగితం, ప్యాంటుతో పాటే ఉతుకుడు పడి,
అటుకుల ముద్దలా ఉంది.
తాళం, అనుకున్నాను. అంజూరం. వంతెన.
అవతల ఆమె ఊపిరి, దాని వెనక
మౌలాలిలో షంటింగు చేస్తున్న ఇంజను.

"హలో? సర్? కరెక్టేనా?"

"కరెక్టే," అన్నాను.
"అయినా రావద్దు. పడుకో.
ఫోను వెలుగు చూడకు."