వానరోజుల హాజరు

ప్రధాని గిల్‌ఫిలన్ శనివారం ఓడిపోయాడు.
సోమవారం బడి గంటకు ముందే ఫోను.
వెల్లింగ్టన్ నుంచి ఎవరో కుర్ర విలేకరి.
"పిల్లల పేదరికం తగ్గిస్తానని వచ్చాడు కదమ్మా,
పదికి ఎన్ని మార్కులు వేస్తారు?"

నేను టీచర్ని కాను, బాబూ.
పోరిరువాలో ఈ బడి ఆఫీసు కిటికీ దగ్గర
పద్దెనిమిదేళ్లుగా హాజరు రాసే మనిషిని.
వచ్చినవాళ్లకు టిక్కు, రానివాళ్లకు సున్నా.
ఆ రెండక్షరాలే నా లిపి.

ఉండమన్నాను. అల్మరా తెరిచాను.

వాళ్ల లెక్కల్లో ఒక గీత ఉంటుందట.
అద్దె కట్టకముందు ఒకటి, కట్టాక ఇంకొకటి.
మొదటిది దాటి నిలబడ్డవాడు
రెండోదాని కింద తేలతాడట.
నా గీత ఒక్కటే, వాన.
దక్షిణపు గాలి జలసంధి మీంచి
అడ్డంగా కొట్టే జూన్ పొద్దుల్లో
ఎవరు రాలేదో ఎర్ర సిరాతో చుట్టి ఉంచుకున్నాను.
ఎవరూ అడగలేదు. ఊరికే, నాకోసం.

ఆయన గెలవకముందు ఏడు చూడు.
సోమవారం లుసేని ఉంది, సెమిసి లేడు.
మంగళవారం తమ్ముడున్నాడు, అక్క లేదు.
నెలంతా చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి.
ఇద్దరికీ కలిపి ఒక్క నీలం కోటు,
జిప్పు ఊడినచోట పిన్నీసులు.
ఆ కోటు మాత్రం
ఒక్కరోజు కూడా బడి మానలేదు.

ఆయన ఒకసారి వచ్చాడు ఇక్కడికి.
పసిపిల్లల కుర్చీలో
మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు.
కెమెరాలు వెళ్లాక కూడా కాసేపు ఉన్నాడు,
చూశాను కాబట్టి చెప్పాలి.
"నీకెన్ని కోట్లున్నాయి?" అని అడిగాడు సెమిసి.
పక్కన ఉన్నవాళ్ల మొహాలు చూడకుండా
వేళ్లు మడిచి లెక్కపెట్టి, "ఏడు" అన్నాడు.
"వాన ఒకటేగా!" అన్నాడు పిల్లాడు.
ఆ తర్వాత బడ్జెట్‌లో ఏవో కోట్లు వచ్చాయన్నారు.
ఒంటిమీదికి వచ్చినవే నేను లెక్కపెట్టాను.

మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదంటారు.
ఆయన కాలు గడప దాటింది, లేదనలేను.
మా వీధి సగం దాకా నడిచింది కూడా.
పసిబిడ్డ ఉన్న ఇంటికి వారం వారం డబ్బు,
చలికాలం కరెంటుకు కొంత,
మధ్యాహ్నం వేడివేడి భోజనం డబ్బాలు.
మూడో ఏడు జూన్ పేజీ, ఇదిగో,
లుసేని, సెమిసి,
ఒకే వానలో పక్కపక్కన రెండు టిక్కులు.
రెండోది పెట్టేటప్పుడు కలం కాస్త గట్టిగా నొక్కినట్టున్నాను,
వెనక పేజీలో అచ్చు పడింది.

ఐదో ఏడు వాళ్లుండే ఇల్లు అమ్ముడుపోయింది.
కొన్నాయన ఈ ఊళ్లో ఉండడు, అతని ఉత్తరం వచ్చింది.
గీత దాటించిన పన్నెండు డాలర్లను
అద్దె గుమ్మంలోనే అందుకుంది.
హట్ లోయ వైపు ఏదో మోటెల్ గదికి వెళ్లారని విన్నాను.
పేర్ల మీద అడ్డంగా గీత కొట్టాను.
మరి ఆ నెల మా బడిలో
వానరోజు సున్నాలు రెండు తగ్గాయి.
దాన్ని ఏ గడిలో వేసుకుంటావో నీ ఇష్టం.

"అయితే ఐదా? ఆరా?" అన్నాడు విలేకరి.

ఒక్కటి రాసుకో.
అంతకుముందు వాళ్లెవరూ కొలవనివ్వలేదు.
ఈయన కొలకర్ర మన చేతికే ఇచ్చి
ఎదురుగా నిలబడ్డాడు.
దెబ్బలు దాంతోనే తిన్నాడు.
అది గొప్పేనని నేననుకుంటాను.
సెమిసి కూడా అనుకోవాలని ఏమీ లేదు.

పెట్టేశాడు. మార్కు దొరకలేదని కోపమేమో.

బయట చినుకులు, అక్టోబరు అయినా.
గంట కొట్టిన పావుగంటకు
కొత్తగా చేరిన రాంగిమారీ తలుపు తోసుకొచ్చింది.
సూపర్‌మార్కెట్ సంచికి
తలకొకటి, చేతులకు రెండు కన్నాలు.
నీళ్లు నా బల్ల మీద కారుతున్నాయి.
"లేటని రాస్తావా?"
లేదమ్మా, అన్నాను.
టిక్కు పెట్టాను.
పక్కన చిన్నగా, ఎర్ర సిరాతో,
సంచి అని రాసుకున్నాను.