వెనక్కి తిరిగిన పాదాలు

నలభై రెండో కెమెరా బ్యాటరీ చచ్చిపోయింది.
దాని పెట్టెలో చీమలు గూడు పెట్టాయి.
జుమాదిల్ నోటితో ఊది, తిట్టి, కార్డు ఊడదీసి
తడవని సంచిలో వేశాడు.
కెరించి కొండ మీద మాకిది పదకొండో రోజు.
జలగలు మా మేజోళ్ళలో కాపురం పెట్టేశాయి.

రాత్రి డేరాలో కార్డులు చూస్తాం.
టపీరు వెనక భాగం.
మళ్ళీ టపీరు, ఈసారి చెవి ఒక్కటే.
గాలికి ఊగిన ఫెర్న్ ఆకు, నూట ఎనభై ఫొటోలు.
తెల్లవారుజామున నాలుగింటికి పులి,
ఇలాంటివి చాలా చూశానన్నట్టు.
తర్వాత ఒక ఎలుగుబంటి, రెండు కాళ్ళ మీద నిలబడి.
ఎంతసేపు? మూడు ఫొటోలంత సేపు.
"ఇదేరా మీ పొట్టి మనిషి" అన్నాడు జుమాదిల్.
నవ్వాను.
నవ్వేశాక ఎందుకో తప్పు చేసినట్టనిపించింది.

ఉహాంగ్ పాండక్ అంటారు మా వైపు.
నడుము దాకా వస్తాడు. ఒంటి నిండా జుట్టు.
మాట రాదు, నిప్పు తెలీదు,
అల్లం పీకి నమిలి, తొక్కు ఉమ్మేసి పోతాడు.
పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయట.
జాడ పట్టుకుని వెళ్ళేవాడు
అడుగడుక్కీ వాడికి దూరమవుతాడు.
నెల జీతానికి నేను చేస్తున్నదీ అదే.

రోస్మానియార్ అవ్వ చూసింది.
పందొమ్మిదేళ్ళప్పుడు, దాల్చిన చెట్టు బెరడు ఒలుస్తూ.
అరవై ఏళ్ళుగా అవే మాటలు,
ఒకటి పెరగదు, ఒకటి తరగదు:
"నన్ను చూశాడు. నా చేతిలో కత్తిని చూశాడు.
తప్పు తనదే అయినట్టు తలొంచుకుని పోయాడు."
అంతే.
అబద్ధమే అయితే
ఇంకాస్త కష్టపడి అల్లి ఉండేది.

ఆమె కంచెకి చిక్కిన వెంట్రుకలు బోగోర్ పంపాం.
నాలుగు నెలలకి జవాబొచ్చింది: ఎలుగుబంటి.
చెప్పలేక చెప్పాను.
వాకిట్లో బెరడు తిరగేస్తూ, తలెత్తకుండా అంది:
"నన్ను చూసింది వెంట్రుక కాదు కదా నాయనా."

నాకు లెక్కలు తెలుసు.
ఏ జీవీ ఒంటరిగా ఉండదు.
వాడికో తల్లి కావాలి, ఆ తల్లికో తల్లి,
చలికి చచ్చిన పిల్లలు, వాగులో కొట్టుకొచ్చిన దవడ,
ఇన్ని తరాల్లో ఒక్క పన్నయినా దొరకొద్దూ?
"పులి ఎముక నీకెన్నిసార్లు దొరికింది?"
చీకట్లోంచి జుమాదిల్.
నిద్రపోయాడనుకున్నాను.
ఒక్కసారీ దొరకలేదు.
దొరికేవి అమ్ముకునేవాళ్ళకి ముందే దొరుకుతాయి.

అవ్వ ఇంకోటి కూడా అడిగింది ఆ రోజు,
"మరి ఖడ్గమృగం దొరికిందా?"
చిన్నప్పుడు దాని బురదగుంటలో ఆడుకునేవాళ్ళట.
దానికి రుజువులకేం కొదవ?
లాటిన్ పేరుంది, ఫొటోలున్నాయి,
పట్నంలో గాజు పెట్టెలో పుర్రె ఉంది,
కొమ్ముకి ధర కూడా ఉండేది.
ఈ కొండ మీద అది ఒక్కటే లేదు.
పదహారేళ్ళుగా మా కెమెరాల్లో దాని తోకైనా లేదు.
రుజువులేని వాడికోసం మాత్రం
ముసలామె ఇంకా కత్తి దించి పెడుతోంది
అడవి అంచుకి వెళ్ళేటప్పుడు.

కిందికి దిగేటప్పుడు ఆమె తోట పక్కనుంచే దారి.
కంచె లోపల అల్లం మళ్ళు.
కంచె బయట, అడవి వైపు, ఇంకో వరస,
అదీ ఆమె నాటిందే. సగం పీకి ఉంది.
పందులు.
మట్టి తవ్విన తీరు చూస్తే తెలిసిపోతుంది,
పందులే, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు.

నా సంచిలో కొత్త బ్యాటరీలతో ఒక కెమెరా మిగిలింది.
ఎదురుగా, సరిగ్గా మోకాలెత్తులో
కట్టడానికి అనువైన చెట్టు.
జుమాదిల్ నా వైపు చూశాడు. నేను చెట్టు వైపు చూశాను.
"వానొచ్చేలా ఉంది, పద" అన్నాడు.

రిజిస్టర్లో రాశాను:
నలభై రెండు, చీమలు.
నలభై మూడు, పెట్టలేదు.
కారణం అన్న గడిలో ఏం రాయాలో
ఇంకా ఆలోచిస్తున్నాను.