నలభై సెకన్లు

పొగతోటలో, మూడో అంతస్తులో
లైట్ల పెట్టె తలుపు తీసేది నేనే.
బీరువా అంత ఉంటుంది. లోపల నీలం ఎండ.

ఇసకపల్లి ఉప్పుకయ్యల నుంచి
వారానికి రెండుసార్లు వస్తుంది చెంగమ్మ,
మోచేతుల మీద తెల్లమచ్చలతో.
నల్లద్దాలు పెట్టుకుని నవ్వుతుంది:
"మా కాడ ఊరికే కాసేదానికి
ఈడ రూకలు కట్టాల్నా అబ్బయా?"

నలభై సెకన్లే, అంటాను.
"రొండు నిమిషాలు పెట్టు,
ఒకసారి బస్సు చార్జీ మిగల్తది."

పోయినేడు కోవూరు కుర్రాడొకడు ఇట్టాగే అడిగాడు,
పెళ్లిచూపులున్నాయని.
డాక్టరు రాసిన కాగితం పక్కన పెట్టి
మీట మీద నుంచి చూపు తిప్పుకున్నాను.
తెల్లారేసరికి వీపంతా బొబ్బలు.
వాళ్ళమ్మ నన్నేమీ అనలేదు.
అరిటాకులు ఎక్కడ దొరుకుతాయని అడిగింది,
పడుకోబెట్టడానికి.

అందుకే చెంగమ్మ మాట వినను.
గడియారం చూస్తాను, ఆమె తిడుతుంది,
తలుపు తీస్తాను.

ఇవాళ చెయ్యి నా ముందు చాపింది.
తెలుపు మధ్యలో ఆవగింజలంత చుక్కలు,
నాలుగు. కాదు, ఐదు.
"ఉప్పు గీకినాక
అడుగున మట్టి అగపడినట్టు లేదూ?"

కిటికీలోంచి చూశాను.
చీరకొంగు చేతులకి చుట్టుకుని
గోడ నీడ పట్టుకుని పోతోంది,
ఎండకి ఎన్నడూ దాక్కోని మనిషి.