శనివారం తెలికలాయన

నకళ్ల సెక్షన్‌లో ముప్పై నాలుగేళ్లు కూర్చున్నాను.
జడ్జీలు నాకు మొహాలతో గుర్తులేరు, వాక్యాలతో గుర్తున్నారు.
ఒకాయనకి కామా అంటే గిట్టదు.
ఒకాయన ప్రతి పేరాలోనూ దేవుణ్ణి సాక్షికి పిలుస్తాడు.
హయీం నవ్‌గావ్‌కర్ గారి వాక్యం మాత్రం
నాలుగు మాటలు దాటదు,
కార్బన్ కింద మూడో ప్రతిలోనూ మసకబారదు.

జిల్లా పుట్టిన మూడేళ్లకి కొంకణం నుంచి దిగారు
శ్రీకాకుళం కోర్టుకి.
రెండు ట్రంకుపెట్టెలు, గుడ్డలో చుట్టిన ఒక ఇత్తడి దీపం.
యూదులట. ఆ మాట ఊరికి నోరు తిరగలేదు.
ప్లీడరు గుమాస్తాలు కిరస్తానీలన్నారు,
అమీనా సాయెబులన్నాడు,
డవాలీ బంట్రోతు అప్పడు తిన్నగా అడిగేశాడు:
"బాబూ, తమరేటోళ్లు?"

కళ్లజోడు తుడుచుకుని, వచ్చీరాని తెలుగులో ఆయన:
"తాతలు గానుగ ఆడించేవారు.
శనివారం ఎద్దుని విప్పేసేవారు.
శనివారం తెలికలోళ్లు అంటారు మమ్మల్ని."
పొద్దుగూకేలోగా గుజరాతీపేట దాకా పాకింది కబురు:
"జడ్జీబాబు మన తెలికలోళ్లేనర్రా!"

శనివారాలు సెలవు చీటీ.
ఆదివారాలు ఖాళీ కోర్టులో ఒక్కరే, ఫ్యాను కూడా లేకుండా,
తీర్పులు రాసుకునేవారు.
శుక్రవారం పొద్దు వాలకముందే దీపం.
అందులోకి నువ్వులనూనె, బలగలో పొట్నూరు వైకుంఠం గానుగది.

ఆ వైకుంఠమే దావా వేశాడు, గానుగ స్థలం తనదని.
నంబరు పడిన రోజునుంచి
జడ్జీగారి సైకిలు ఆమదాలవలస పోయింది నూనెకి.
పదకొండు నెలలు, ఎండా వానా.
అప్పడు తొక్కుతూ తిట్టుకునేవాడు,
న్యాయానికి ఇన్ని మైళ్లేటని.

తీర్పు నేనే టైపు కొట్టాను:
"కాగితం లేదు. సాక్షి లేడు.
వాదిని నేను నమ్మాను.
నా నమ్మకం సాక్ష్యం కాదు."
దావా కొట్టేశారు.
మెట్లు దిగుతూ వైకుంఠం ఏమీ అనలేదు,
కండువా ఒకసారి దులుపుకున్నాడు.

తర్వాతి యేడు నాగావళి ఊళ్లమీదికొచ్చింది.
నష్టాల లెక్కకి సర్కారు ఆయన్నే వేసింది.
పంచె మోకాళ్లకి ఎగ్గట్టి, వెదురుకర్రతో లోతు చూసుకుంటూ
గుమ్మం గుమ్మానికీ వెళ్లారు, వెనక రిజిస్టరు మోస్తూ నేను.
గోడ పోయిందా, కప్పు పోయిందా, ధాన్యం ఎన్ని పుట్లు.
ఎద్దు పోయిందన్న చోట ఎద్దు పేరడిగారు.
ఆ గడిలో పేరుకి చోటులేదు.
"మార్జిన్‌లో రాయి" అన్నారు.
వైకుంఠం ఎద్దు పేరు సింహాలు.
నా చేత్తో నేనే రాశాను.

అమ్మ పోయిందని టెలిగ్రాం ఒక మంగళవారం.
ఎవరెళ్లినా చేరేసరికి అంతా అయిపోతుంది.
ఆ ప్రార్థనకి పదిమంది ఉండాలట.
అప్పడు వేళ్లు ముడిచాడు: నాజరు, బెంచి గుమాస్తా, నేను, తను,
ఇద్దరు ప్లీడర్లు, తోటమాలి, పోస్టుమాను, వంటాయన.
తొమ్మిది.
గేటు దగ్గర వైకుంఠం, చేతిలో నూనె సిద్దె.

వరండాలో మమ్మల్ని వరసగా చూశారు ఆయన,
హాజరు పట్టీ చూసినట్టు.
"నియమం ప్రకారం, మావాళ్లే ఉండాలి" అన్నారు మెల్లగా.
ఆ ప్రార్థన చదవలేదు.
మమ్మల్ని పొమ్మననూ లేదు.
చాపమీద కూర్చున్నాం. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీదు.
పోస్టుమానుకి ఇంకా సగం ఉత్తరాలు పంచాల్సి ఉంది.

మరుసటేడు బదిలీ. ఎక్కడ పోయారో, ఎప్పుడు పోయారో
నాకు తెలీదు. తెలిసిందంతా నకలే,
అసలుతో సరిచూసి ముద్ర వెయ్యలేను.

ఆ రాత్రి మటుకు దీపం చిన్నదైపోతుంటే
ఆయన చెయ్యి చాపి, అలవాటున ఆగిపోయారు.
వైకుంఠం లేచి సిద్దె వంచాడు:
"మంగళారమే గదా బాబూ.
ఇయేళ పోసుకోవచ్చు."