బూదమ్మకు మూడు ముక్కుపుడకలు

బిస్కెట్ డబ్బా మూత ఒకపట్టాన రాలేదు.
స్క్రూడ్రైవరుతో అంచు లేపితే
వడపళని షెడ్డు వాసన ముందు బయటికొచ్చింది,
పాత గ్రీజు, కొబ్బరిపీచు, మామ నమిలే జర్దా.
గుడ్డ విప్పాను. మూడూ ఉన్నాయి.
దూకబోతున్న పొట్టేలు, ఒక కొమ్ము లేదు.
తెరచాపలెత్తిన ఓడ.
ఇనుపటోపీ పెట్టుకున్న గడ్డం దొర తల.

డాడ్జి, ప్లిమత్, డిసోటో అంటారు
కార్లు తెలిసినవాళ్లు.
మా షెడ్డులో పొట్టేలు, ఓడ, దొర.
కారు మాత్రం ఒక్కటే.
బూడిదరంగుది కాబట్టి
బూదమ్మ.

పొద్దున ఏడింటికి స్టూడియో నుంచి కబురు,
జమీందారు కారు కావాలని.
"ముక్కుపుడక మార్చు మే, టైమైపోతాంది!"
పదేళ్లదాన్ని, వేళ్లు సన్నం,
బానెట్టు కింద నట్టు అందేది నాకే.
పొట్టేలును బిగించేదాన్ని.
మధ్యాహ్నం ఇంకో ఫ్లోరు, ఇంకో కంపెనీ,
డాక్టరుగారి కారు. ఓడ.
రాత్రి వాన సీను, దొంగనోట్ల ముఠా.
దొర.
పొద్దున పెళ్లికొడుకును దింపిన చక్రాలే
రాత్రి ఎవరి తండ్రినో గుద్దేసి పోయేవి.
హాల్లో ఒక్కడూ
అదే కారు గదా అనలేదు.

వెనక సీట్లో ఎప్పుడూ రత్నాంగి.
దొరసాని, డాక్టరు భార్య,
నోట్లో గుడ్డలు కుక్కించుకున్న ఆడమనిషి.
రోజుకు పదిహేను రూపాయలు, భోజనం.
చీర మారేది. మెడ దగ్గర కాలిన మచ్చ
పౌడరు కింద అట్లాగే ఉండేది.
"మనిద్దరం ఒకే కంపెనీ" అని
దిగేటప్పుడు బూదమ్మ తలుపు మీద తట్టేది.

ఇది మోసం కదా మామా, అన్నానొకసారి.
ఈరాస్వామి మామ జర్దా ఊసి నవ్వాడు.
"నాదా మోసం?
అమెరికావోడే నేర్పించినాడు మే.
చట్రం ఒకటే. పేర్లు మూడు, షోరూములు మూడు, రేట్లు మూడు.
వాడు కొనేవోడి హోదా చూసి పేరు తగిలిస్తాడు,
నేను సీను చూసి తగిలిస్తా.
వాడిది కంపెనీ. నాది బాడుగ."

కాసేపాగి గొంతు తగ్గించాడు.
డిసోటో గాస్కెట్టు కోసం పుదుప్పేట అంతా తిరిగి
దొరక్క, దొంగతనంగా ప్లిమత్‌ది వేశాడట.
ఓనరు కనిపెడతాడేమోనని మూడేళ్లు
ఆ వీధిలోకే పోలేదట.
"తర్వాత చూస్తే ఏముండాది,
రెండింటి మీదా ఒకటే నంబరు!
వాళ్ల పేర్లు నమ్మి
నిద్ర పాడుచేసుకున్నా."

షూటింగులు హైదరాబాదు పోయాయి.
బూదమ్మ పోలేదు.
రత్నాంగి సాలిగ్రామంలో ఇడ్లీలు అమ్మింది కొన్నాళ్లు,
తర్వాత ఎవరికీ తెలియదు.

మొన్న ఈసీఆర్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు,
పాతకార్ల క్లబ్బు టీషర్టు, చేతులకు తెల్ల గ్లవ్స్.
"ఒరిజినల్‌గా ఇది ఏ కారు మేడం?"
ఆర్సీ బుక్కు చెదలు తినగా
కంపెనీ పేరు దగ్గర డి అక్షరం ఒకటి మిగిలింది.
పొట్టేలూ కావచ్చు, దొరా కావచ్చు.
బానెట్టు ఎత్తాడు.
ముక్కు మీద ఏడు చిల్లులు,
పొట్టేలుకు రెండు, ఓడకు రెండు, దొరకు మూడు.
వాటిలోంచి ఎండ
ఇంజను మీద చుక్కలు చుక్కలుగా పడింది.
ఇన్నేళ్లూ ఎప్పుడూ ఏదో ఒకటి బిగించే ఉండేది కదా,
ఆ ముక్కును బోసిగా చూడటం నాకదే మొదలు.
ఇంటి మనిషి స్నానం చేసి వస్తుంటే
ఎదురుపడ్డట్టు తల తిప్పుకున్నాను.

"దొర తల అయితే వేలంలో రేటెక్కువ"
నిజాయితీగానే చెప్పాడు పిల్లాడు.
దొరనీ ఓడనీ ఇచ్చేశాను.
ఒంటికొమ్ము పొట్టేలును డబ్బాలోనే ఉంచి
మూత నొక్కాను.
రసీదులో వాహనం పేరు దగ్గర
బూదమ్మ అని తెలుగులో రాశాను.
అతనికి తెలుగు చదవడం రాదు.
చదివి చెబితే, "ఏ సంవత్సరం మోడల్ మేడం?" అని
ఫోను తీసి
వెతకడం మొదలెట్టాడు.