గ్లిజరిన్ లేకుండా

నన్ను ఏడిపించడానికి గ్లిజరిన్ అక్కర్లేదని
పేరొచ్చింది నాకు, ఏడో ఏట.
రాత్రి ఎనిమిదింటికి టీవీలో నేను ఏడిస్తే
అంతర్వేది నుంచి పాలకొల్లు దాకా
కంచాల్లో అన్నం చల్లారిపోయేదట.
అమ్మ చెప్పేది. అమ్మ కొంచెం ఎక్కువే చెప్తుంది.

పేరు కూడా నాది కాదు.
పాస్టరుగారు పెట్టిన కెజియా తెర మీద పలకదన్నారు.
టైటిల్స్‌లో బేబీ మృదుల.
నుదుట బొట్టు పెట్టేవాళ్ళు, కట్ అన్నాక
అమ్మ కొంగు తడిపి తుడిచేది.
కొన్నాళ్ళకి తుడవడం మర్చిపోయింది.

ఏడవడం ఎలాగో చెప్తా వినండి.
మా తాతయ్య షడ్రకు పంటు మీద టికెట్లు చింపేవాడు,
నరసాపురం రేవుకీ సఖినేటిపల్లి రేవుకీ మధ్య
ముప్పై ఏళ్ళు, ఏ ఊరికీ చేరకుండా.
జేబులో ఎప్పుడూ తాటిబెల్లం ముక్క,
దానికో చీమ. చీమతో సహా నా నోట్లో.
ఆయన్ని తీసుకెళ్ళిపోయాక కూడా
చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.
యాక్షన్ అనగానే
నేను ఆ చెప్పుల్ని చూసేదాన్ని.
రెండు వందల పన్నెండు ఎపిసోడ్లు.
ఒక్క చావుని అన్నిసార్లు ఖర్చు పెట్టాను.

పదమూడేళ్ళకి పొడుగయ్యాను. అంతే.
కథలో నన్ను హాస్టలుకి పంపించారు,
తిరిగొచ్చేసరికి ఇంకో అమ్మాయినయ్యాను.

తర్వాత పాట. పోటీలో ఆరో వారం దాకా.
"గొంతు బాగుందమ్మా, ఫీలే మరీ ఎక్కువైంది"
అన్నాడు జడ్జి ఒకాయన.
తగ్గించడం నాకెవరూ నేర్పలేదు.
రెండు సినిమాల్లో హీరోయిన్ పక్కన
పుస్తకాలు పట్టుకొని నడిచాను.
ఒకదాంట్లో నా మోచెయ్యి మాత్రం మిగిలింది.
ఆఖరికి కృష్ణానగర్ గదిలో అద్దెకుంటూ
వేరేవాళ్ళ పిల్లలకి ఏడుపు డబ్బింగు.

అమ్మ పోయినప్పుడు రైల్లో వచ్చాను.
లేసు అల్లే ఆడవాళ్ళంతా పెట్టె చుట్టూ కూర్చుని
నా మొహమే చూశారు.
రాలేదు.
చెప్పుల్ని తలుచుకున్నాను. రాలేదు.
"టీవీలో అంతేసి ఏడ్చేది" అని ఎవరో గొణిగారు.
అమ్మ సగం అల్లిన పువ్వు
కొక్కెం సూదితో సహా బల్ల మీద ఉంది.
ముడి వెయ్యలేదు. లాగితే మొత్తం ఊడిపోతుంది.

ఆ రోజు దేవుడు నాతో మాట్లాడాడని చెప్పమంటారు.
ఉజ్జీవ కూటాల్లో సాక్ష్యం చెప్పమ్మా అంటారు,
కరపత్రం మీద రెండు జడల ఫొటో వేసి.
ఒకసారి చెప్పాను.
ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణకాలో
నాకు తెలుసు. జనం ఏడ్చారు. నేనూ.
ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే
షాట్ ఓకే అయినట్టుంది మొహం.
మళ్ళీ చెప్పలేదు.

ఇప్పుడు ఆదివారాలు కీబోర్డు వాయిస్తాను,
గోడ వైపు తిరిగి.
కరెంటు పోతే హార్మోనియం. అందులో ఒక మెట్టు
ముసురుకి ఉబ్బి, నొక్కితే లేవదు.
పాట ఎటు పోయినా అదొక్క స్వరం
మొండిగా పట్టుకొని ఉంటుంది.
ప్రార్థన అంటే నాకు తెలిసింది అదే.

క్రిస్మస్ నాటకానికి పిల్లల్ని నాకప్పగించారు.
మరియ వేషం సువార్తకి,
రొయ్యల చెరువు కాపలావాడి కూతురు, ఎనిమిదేళ్ళు.
సత్రంలో చోటు లేదనగానే
ఏడవాలన్నారు సంఘపెద్దలు.
పిల్ల నా వైపు తిరిగింది.
"ఎలా అక్కా?"

నాకు తెలుసు ఎలాగో.
మొన్న తుఫానుకి వాళ్ళ మేకపిల్ల కొట్టుకుపోయింది.
ఒక్క మాట చాలు.
నాలిక చివరి దాకా వచ్చింది.

"రాకపోతే వద్దులే" అన్నాను.
"ఈ తలుపు తియ్యలేదు కదా, ఇంకోటి కొట్టు."

కొట్టింది. అట్టముక్క తలుపు ఊడి పడింది.
వెనకాల సత్రం యజమాని బిస్కెట్ తింటున్నాడు.

ఆఖరి పంటు మీద ఇంటికెళ్తున్నాను.
టికెట్ చింపిన కుర్రాడి కాళ్ళకి చెప్పుల్లేవు.
చీకట్లో ఇంజను చప్పుడు, కిరోసిన్ వాసన,
రెండు మోటార్‌సైకిళ్ళు, ఒక అరటిగెల.
ఎప్పుడు మొదలైందో తెలీదు.
మెడ దాకా తడిసింది.
ఉప్పుగాలి అనుకున్నాను ముందు.