మువ్వల్లేని పట్టీ

మహారాణిపేటలో మూడో అంతస్తు.
కిటికీ అవతల ఆస్పత్రి జనరేటరు,
ఇవతల నేను.
నా తెర మీద రాత్రీ పగలూ
నలభై ఆరు మంది నడుస్తుంటారు.

మొహాలుండవు.
పేరు, వయసు, వేసుకోవలసిన మాత్రలు,
వాటి కింద లేస్తూ పడుతూ ఒక పచ్చగీత.
ఏడాదిన్నరగా చూస్తున్నాను కదా,
పేర్లు మూసేసినా కొందరిని పోల్చుకోగలను.
కంచరపాలెం గార్డుగారు
రిటైరై ఆరేళ్లయినా
రైలు కదిలిపోతున్నట్టే నడుస్తారు.
సీతమ్మధార టీచరమ్మ
ఇరవై అడుగులకోసారి ఆగుతుంది,
వెనక బెంచీలో ఎవరో నవ్వినట్టు.

అర్జిల్లి కొర్లయ్య, యాభై మూడు,
గుండెలో రెండు స్టెంట్లు.
వల లాగకూడదు, మూడు నెలలు.
ఎడమ చీలమండకి పట్టీ కట్టి
వరండాలో అటూ ఇటూ తిప్పి
అతని నడకని యంత్రానికి నేర్పింది నేనే.
కాళ్లు ఎడంగా వేస్తాడు,
మడమ ఆలస్యంగా దించుతాడు,
ఆస్పత్రి గచ్చు కూడా
ఏ క్షణాన ఒరుగుతుందో అన్నట్టు.

మంగళవారం తెల్లారగట్ల నాలుగుంపావుకి
ఎర్రటి అక్షరాలు:
ధరించినది రోగి కాదు.

అంతకుముందు తొమ్మిది రోజులు
పసుపురంగులో అనుమానిస్తూనే ఉంది.
బ్యాటరీ దించేసిందనుకున్నాను,
పట్టీ జారిందనుకున్నాను,
టీ తాగొచ్చాను.

ఇప్పుడు దగ్గరగా చూస్తే
పొట్టి అడుగులు, గబగబా,
నెత్తి మీది బరువు తొణక్కుండా
నడుం కింద మాత్రమే కదిలే నడక.
హార్బరు నుంచి పూర్ణా మార్కెట్టు,
మళ్లీ హార్బరు.

ఫోన్ చేశాను.
మంచు దంచుతున్న చప్పుడు, కాకులు,
ఎవరో ఎవరినో తిట్టడం,
తర్వాత ఓ గొంతు:
"నానమ్మా, మసేనమ్మని.
ఆడు ఏటకెల్నాడు.
బోటుకి మనిసి తక్కువైతే ఇంట్లో కూకుంటాడేటి?
పట్టీ కదలకపోతే మీకు తెలిసిపోద్దని
నాను కట్టుకున్నాను.
అడుగులే కదా, ఎవులియైతేనేటి?"

ఎవరివైతేనేం అన్నదానికి
మా శిక్షణ పుస్తకంలో పదిహేను పేజీలుంది.
నాకొక్క వాక్యమూ నోటికి రాలేదు.

పరాయి నడకని తుడిచెయ్యాలి, అది నిబంధన.
రోగి లెక్కలో ఇంకొకరి ఊపిరి కలిస్తే
డాక్టరు మందు మార్చేస్తాడు, మనిషి పోతాడు.
నిజమే.
తొమ్మిది రోజుల గీతనీ ఎంచుకుని
వేలు మీట మీద పెట్టాను.

అప్పుడు కనిపించాయి ఖాళీలు.
మూడొందల అడుగులు, ఆగడం.
మూడు నిమిషాలయ్యాక మళ్లీ మూడొందలు.
బేరం కోసమేమో అనుకుంటే
గంప ఖాళీ అయి తిరిగొచ్చే దారిలోనూ అంతే.
మూడోనాటికి రెండొందల అరవై.
నిన్న నూట తొంభై.
ఎవరూ కొలవమనని కాలు
కొర్లయ్య పేరు కింద
రోజుకింత తరిగిపోతోంది.

"మసేనమ్మా, పిక్క పట్టేస్తోందా నడిస్తే?"

మంచు దంచడం ఆగింది.

"ఎవులు సెప్పారు నీకు?"

గురువారం ఓపీకి రమ్మన్నాను.
గురువారం బోట్లు దిగుతాయంది.
శుక్రవారం అన్నాను.
"ఒగ్గీమ్మా, సూద్దాం" అంది.
షుగరెంత అనడిగితే నవ్వింది,
ఎప్పుడు సూసుకున్నానని.

కొర్లయ్య సముద్రంలో ఉన్నాడని డాక్టరుకి రాశాను.
ఆమె సంగతి రాయడానికి గడి లేదు,
రోగి సంఖ్య అడుగుతుంది.
మీట నొక్కలేదు,
గీతని కాగితం మీద అచ్చు తీసి
సొరుగులో పెట్టుకున్నాను.

శనివారం సాయంత్రానికి
ఎడంగా పడే అడుగులు, ఆలస్యంగా దిగే మడమ.
నాలుగు రోజులు నీళ్ల మీద ఊగొచ్చిన నడకని
యంత్రం కాసేపు తటపటాయించి
ఒప్పుకుంది.
పచ్చటి అక్షరాలు: రోగి నిర్ధారణ అయింది.

పూర్ణా మార్కెట్టు మలుపులో ఈ పూట
ఎన్నో అడుగు దగ్గర ఆగిందో
ఇక నాకు తెలీదు.